తొమ్మిది దగ్గర ముల్లు

గెస్ట్ హౌస్ మూసేసి వేలం వేసినప్పుడు
కుర్చీలు కొన్నవాళ్ళు కుర్చీలు కొన్నారు.
నేను దీన్ని ఎత్తుకొచ్చాను:
ఇటలీ పేరున్న ఎస్ప్రెస్సో మిషను,
నల్లపిడి, అద్దం పగిలిన ప్రెషర్ మీటరు.
కొరాపుట్‌లో ముసురు పట్టి పదకొండో రోజు.
గోడలకి చెమట. అగ్గిపుల్ల వెలగదు.
వేడిగా, చేదుగా ఏదో ఒకటి
చేతిలో ఉంటే చాలనిపించే సాయంత్రం.

స్విచ్ వేశాను.
ఎండిన బోరు కొట్టినట్టు ఒకటే రొద,
కప్పులో చుక్క లేదు.

వీధి చివర మిక్సీలు బాగుచేసే తవిటయ్య వచ్చాడు.
బొబ్బిలి యాస, ఒడియా బూతులు,
జేబులో టెస్టరు, చెవి వెనక బీడీ.
మర విప్పలేదు. నిండుచూలాలి పొట్టకి
మంత్రసాని ఆనించినట్టు చెవి ఆనించాడు.
"గాలి మింగీసిందమ్మా. తేన్పించాల."
పశువులకి మందు పోసే సిరంజి తెచ్చి
గొట్టంలోకి నీళ్ళు ఎక్కించాడు.
దగ్గింది, ఉమ్మింది,
తర్వాత గొంతు మారింది
లోతుగా, తడిగా.

అక్కడితో అయిపోతే ఇదంతా రాసేదాన్ని కాదు.

మొదటి కాఫీ ఐదు సెకన్లలో దూకేసింది,
గోధుమరంగు కుడితినీళ్ళు.
పొడి సన్నం చేశాను.
ముల్లు పదిహేను దగ్గర వణికింది,
కింద కప్పుకి ఉపవాసం.
ఒక గీత ముందుకి తిప్పితే కరువు,
అర గీత వెనక్కి తిప్పితే వరద.
నీరు పల్లమెరుగు అంటారు గానీ
సందు కూడా ఎరుగును:
గుప్పెడు పొడిలో వెంట్రుకంత నెర్రె దొరికితే
తక్కినదంతా ఎండగట్టి
ఆ ఒక్క దారినే పోతుంది.
గుండుసూదితో కలియబెట్టాను, చదును చేశాను,
మోచేతి బరువంతా వేసి అదిమాను.

అప్పుడు పక్కల్నుంచి కారడం మొదలు.
రబ్బరు రింగు నిలవ చేగోడీలా గట్టిపడింది.
కొత్తది విశాఖ నుంచి రావాలి.
కిరండోల్ పాసింజరు, పట్టాల మీద కొండ విరిగిపడి,
ఏ సొరంగం ముందో నిలబడి ఉంది.
తవిటయ్య గోడ కాలెండరు వైపు చూశాడు.
"జూను అయిపోనాది గదా!"
జూన్ నెలని గుండ్రంగా కత్తిరించి
రబ్బరు వెనక దూర్చాడు.
కారడం ఆగింది.
మా ఇంటి రజో పండగా, పాలవాడి లెక్కా,
గ్యాస్ బుక్ చేసిన తారీఖూ
ఇప్పుడా మిషను లోపలున్నాయి.

రుచి మాత్రం రాలేదు.
పైన బెత్తెడు నురగ, గోలీసోడా కొట్టినట్టు;
కింద నాలుక ముడుచుకునే పులుపు.
నిమ్మఉప్పు పోసి దాని కడుపు కడిగాను.
ఈ ఎత్తులో నీళ్ళు తొంభై ఏడుకే మరుగుతాయి,
అదేనేమో తప్పని
సముద్రమట్టాన్ని కూడా తిట్టుకున్నాను.

గురువారం పుట్టిన గురుబారి
శుక్రవారం వచ్చింది.
నందపూర్ అవతల వాళ్ళ తోటలో కాసి
వాళ్ళ పెంకు మీద వేగిన గింజలే నావి.
నురగ చూసింది. మిషను వైపు కన్నెత్తలేదు.
డబ్బా మూత తీసి వాసన చూసి
దేశియాలో అడిగింది:
ఎప్పుడు వేయించానివి?
మొన్న.
కొత్త బియ్యం వండితే ఏమవుతుంది?
ముద్ద.
మరి?

డబ్బా నా చేతిలోంచి లాక్కుని అటకెక్కించి,
పది రోజులు దాని ఊసెత్తొద్దని చెప్పి,
తవిటయ్యని ఒక బీడీ అడిగి పుచ్చుకుని
గొడుగు విప్పుకుంటూ పోయింది.
తవిటయ్య చాలాసేపు
స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

పదో రోజు రాత్రి.
పద్దెనిమిది గ్రాములు.
ముల్లు తొమ్మిది దగ్గరికి వెళ్ళి
అక్కడే కూర్చుంది.
ఎనిమిది సెకన్లు ఏమీ లేదు, తర్వాత
తీగపాకం సాగినట్టు, తెగకుండా,
ముదురు ఎరుపు, తేనె, గడ్డి పసుపు...
ఇరవై ఆరు అన్నాను పైకే.
ఇరవై ఏడు అనబోతుంటే కరెంటు పోయింది.

చీకట్లో కప్పు వెతుక్కున్నాను.
ఒక గుక్క తాగి అతనికి అందించాను.
రేకుల మీద వాన.
ఎదురుగా తవిటయ్య
రెండు చెంచాల పంచదార వేసి
గలగలా కలుపుకోవడం వినబడింది.