రెండుసార్లు తొలిచిన చిల్లు

మాన్స్‌ఫీల్డ్ దాటాక పదకొండో మైలు దగ్గర
మంచు తవ్వి దారి చేసి ఉంచింది విల్మా స్ట్రూబుల్.
కొట్టం తలుపు మొరాయించింది.
ఇద్దరం భుజాలానించి నెట్టాం.
లోపల, ముక్కిన గడ్డి వాసనలో,
ముందు చక్రాలు గాలి పోయి
మోకాళ్ల మీద కూలబడ్డట్టు
ఆ బండి.

"చూడండి," అంది. ఇంకేం అనలేదు.

నా సంచిలో పెద్ద వింతలేం ఉండవు.
టార్చి, పుల్లకి బిగించిన అద్దం ముక్క,
గుడ్డలో చుట్టిన అయస్కాంతం, బ్లేడు, నోటుపుస్తకం.
మా తాతకి గీటురాయి ఒక్కటే ఉండేది.
బంగారంతో ఒక గీత గీసి
ఎదుటివాళ్ల మొహం చూడకుండా
మాట చెప్పేసేవాడు.
ఆ విద్య నాకు పట్టుబడలేదు. నేను మొహాలు చూస్తాను.

ముందుగా ప్లేటు. అందరూ ముందు చూసేది అదే.
ఇత్తడి రేకు, నాలుగు మరలు, వరుస సంఖ్య నాలుగు.
యుద్ధానికి ముందు, తర్వాత మూతపడ్డ ఆ ఫ్యాక్టరీలో
నమూనాకని చేత్తో చేసిన బళ్లు ఆరేనట.
ఐదింటి కథ కాగితాల మీద ఉంది,
తుక్కుకి పోయినవాటి తూకంతో సహా.
నాలుగోదాన్ని ఎవరూ చూడలేదు.
చూశామనేవాళ్లు మాత్రం
ఏటా ఇద్దరు ముగ్గురు ఫోన్ చేస్తారు.

రేకు అంచు వేలితో తడిమాను. కోసుకుంది.
ఎనభై ఏళ్లు అరిగిన ఇత్తడికి అంత పదునెక్కడిది?
అంకెలు ఒకే లోతున, బడిపిల్లల వరుసలా.
చేత్తో కొట్టిన అంకెల్లో ఒకటైనా తూలుతుంది.
నోటుపుస్తకంలో రాశాను: దొంగ.
పెన్సిలు గట్టిగా నొక్కి మరీ రాశాను.
నిజానికి ఆ మాట రాయడానికి
వేలు కోసుకోనక్కర్లేదు, ఆ సంగతి తర్వాత.

అక్కడితో వెళ్లిపోదును.
కానీ ఆవిడ ఫ్లాస్కు మూతలో కాఫీ ఒంపుతోంది, చెయ్యి వణుకుతోంది.
ఆ మొహం చూడలేక బండి కిందికి దూరాను.

బ్లేడుతో గోరంత గీకితే
పచ్చరంగు కింద నీలం,
నీలం కింద పాలబండి తెలుపు,
అన్నిటికీ అడుగున కాషాయంలాంటి ఎర్రపూత.
మడ్‌గార్డు లోపలివైపు సుత్తి దెబ్బలు,
కందిబద్దలంత గుంటలు.
అడ్డదూలం మీద అద్దం తిప్పుతుంటే
ఆగిపోయింది నా చెయ్యి.

ఒక చిల్లు. పూడ్చేశారు.
ఆకురాయితో రుద్ది, బొటనవేలు వెడల్పు ఇవతలికి
ఇంకో చిల్లు తొలిచారు.
పక్కన గీరిన బాణం గుర్తు,
దాన్ని కొట్టేస్తూ మరో గీత.
ఎవడో పనివాడు, ఏదో సోమవారం,
ఇంజను ఎక్కడ కూర్చోవాలో ఇంకా ఎవరికీ తెలియని రోజున,
నాలిక కరుచుకుని
మళ్లీ మొదలుపెట్టాడు.

నకలు చేసేవాడు ఒప్పునే నకలు చేస్తాడు.
ఈ పొరపాటు ఏ పటంలోనూ లేదు.

చాలాసేపు అలాగే వెల్లకిలా పడుకున్నాను.
వీపు కింద నేల చల్లగా, మెడలోకి తుప్పు రాలుతూ.

"ప్లేటు అబద్ధం," అన్నాను లేచాక. "బండి కాదు."

విల్మా ఆ రేకుని పమిటంచులాంటి మఫ్లరు కొసతో తుడిచింది.
"పోయేముందు ఏడు లెస్టర్ క్లీవ్‌లాండ్ వెళ్లొచ్చాడు,
ఎందుకంటే చెప్పలేదు.
అంతకుముందు ముగ్గురొచ్చారు ఇది తేల్చడానికి.
ఖాళీగా ఉన్న నాలుగు మర చిల్లులు చూసి
వంగనైనా వంగకుండా వెళ్లిపోయారు.
మూడో ఆయన వెళ్లిన రాత్రి
ఈయన భోజనానికి లోపలికి రాలేదు."

నేను నోటుపుస్తకంలో కాగితం చింపాను.
కింది కాగితం మీద కూడా
ఆ రెండక్షరాలు గుంటలు పడి ఉన్నాయి.
వాటి మీదే రాయడం మొదలుపెట్టాను:
అడ్డదూలం, ఎడమవైపు, పూడ్చిన చిల్లు ఒకటి.

కాఫీ నా చేతికిస్తూ అంది,
"అప్పుడు మీకు మీసం ఉండేది."