ముప్పై కౌంటు

భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ మేడమీద మా ఆఫీసు.
కింద దిమ్మ పగిలినప్పుడల్లా
బల్లమీద కీబోర్డు ఉలిక్కిపడుతుంది.

పెద్ద సర్వరే పెడదాం మేడమ్, అన్నాడు ప్రభుదాసు.
అన్నీ అందులోనే ఉంటాయి,
లావాదేవీలు, క్యూలు, కాపలా,
ఒకటి పడిపోతే ఇంకోటి లేచే ఏర్పాటు.
ఉంటాయి, కాదన్ను.
అది లేచి నిలబడడానికి నాలుగు నిమిషాలు.
ఆలోగా నేను కిందికెళ్లి టీ తాగి
అద్దె దగ్గర పోట్లాడి కూడా రావచ్చు.
మాకున్నది రెండు జీబీల ఇరుకు.
సఖినేటిపల్లి రేవులో లారీలెక్కే పంటుని తెచ్చి
పంటబోదెలో దింపుతావా, అన్నాను.
చెప్పాల్సింది ఒక్క ముక్క:
ఈ పొద్దు రొయ్య ముప్పై కౌంటు ఎంత, వంద కౌంటు ఎంత.
దానికి దోనె చాలు.

చిన్నదే పెట్టాను.
ఎంటర్ మీంచి వేలు తీసేలోగా లేచి కూర్చుంది.
ఆ నెలంతా నన్ను పట్టడానికి లేదు.

తర్వాత ఆకివీడు నుంచి వీరాస్వామిగారి ఫోను.
రేటు చూపిస్తే సరా అమ్మాయ్,
బేరం కూడా అందులోనే తెగాలి.
బేరానికో ముక్క తెచ్చి కట్టాను.
సంతకానికొకటి. మెసేజీలకొకటి.
తెల్లారగట్ల వాటంతటవే నడిచే పనులకొకటి.
ఒక్కోటీ ఒక్కో ఊరిది,
ఒకదాని గాలి ఒకదానికి గిట్టదు.

శ్రావణంలో ఓ రాత్రి యనమదుర్రు ఎగదన్నింది.
కరెంటు పోయి, డీజిలు అయిపోయి
చెరువుల్లో ఏరేటర్లు ఆగాయి.
రొయ్య తేలకముందే పట్టి అమ్మేయాలని
డెల్టా అంతా ఒక్కసారే నా గుమ్మంలో పడింది.

దోనె మునగలేదు.
మునగలేదు గానీ
వీరాస్వామిగారి నాలుగు టన్నుల్నీ
ఇద్దరికి అమ్మింది.

ప్రభుదాసు నేను చెప్పలేదా అనలేదు.
అనుంటే తిట్టడానికైనా వీలుండేది.
పక్కన కూర్చుని నేను కట్టిన ముక్కలు లెక్కపెట్టాడు.
పదిహేడు.
ఇదీ పంటే కదండీ, అన్నాడు మెల్లగా,
చెక్కలు మాత్రం మనవి.

అయిదింటికి ఫోను మోగింది.
ఆ ఇద్దరితో నేను మాట్లాడుకుంటాలే,
ముందు ఈ పొద్దు రేటు పెట్టమ్మా.

పెట్టాను.
పెట్టి, తెరవంకే చూస్తూ అడిగాను:
నాలుగు నిమిషాలన్నావు కదా ప్రభుదాసూ,
మూడుకి రాదూ?