పసుపు చీటీ

మంగళవారం రాత్రి ఏడున్నర.
చవక దుకాణం ఫ్రిజ్ ముందు విల్ఫ్ ఆగ్‌డెన్,
బార్న్స్‌లీలో నలభై ఏళ్లు కత్తి పట్టిన చెయ్యి,
ప్యాకెట్టును ఏటవాలుగా వంచాడు.
మూలకు జారాయి ఎర్రనీళ్లు.
"తూకమంతా నీళ్లే" అని గొణిగి
బొటనవేలితో నొక్కాడు.
పడిన గుంట లేవలేదు.

ఎరుపుదేముంది, సగం దీపానిదే.
కొవ్వు మాత్రం అబద్ధమాడదు.

"ఇది బాగుంటుందా అండీ?"
పక్కన ఓ పిల్ల. చంకలో బిడ్డ, గుప్పిట్లో చిల్లర.
ఆమె చూపించిన ముక్కను చూశాడు,
పసుపు చీటీ మీద ధర చూశాడు,
గుప్పిటను చూశాడు.
నాలుక మీదికొచ్చిన మాట మింగేశాడు.

"ఉల్లిపాయలేసి మూడు గంటలు,
సన్న సెగ మీద.
మధ్యలో మూత తియ్యకు."

ఆమె వెళ్లాక
తను నొక్కినదాన్నే తీసి
గుంట కిందికి తిప్పి
బుట్టలో పెట్టుకున్నాడు.