ఏడో బ్యాచ్

బుధ, శుక్రవారాలు ఫీల్డు వర్కు.
అంబర్‌పేట దాటాక బస్సు దిగి
మూసీ వాసన పట్టుకుని నడిస్తే చాలు,
దారి ఎవర్నీ అడగక్కర్లేదు.

మెడలో కాలేజీ కార్డు,
చంకలో నలభై ప్రశ్నల ఫారం,
నీళ్ల సీసా, గొడుగు,
మొదటి నెలలోనే నేర్చేసిన సానుభూతి
ఇస్త్రీ మడత చెదరకుండా.

మొగులమ్మ గడప మీద కూర్చుని
కిలో లెక్కన చింతపండు గింజ తీస్తోంది.
నేను నోరు తెరవకముందే మొదలెట్టింది:
"రాస్కో. ఇంట్ల ఆరుగురం. కిరాయి ఇల్లు.
నల్ల రెండు దినాలకోపారి.
మొగడు లేడు, బీపీ ఉన్నది.
మోరీకి మూత లేదు.
గా కింది గడి ఇడ్సిపెట్టినవ్, సూడు.
ఆమ్దానీ అడగాలె గాడ."

నాది ఏడో బ్యాచ్ అట.
మొదటి బ్యాచ్ పిల్లకు పెళ్లై పాప కూడా పుట్టిందట.
మూడో బ్యాచ్ వాళ్లు గోడకు బొమ్మ వేసి పోయారు,
చేతులు కడుక్కునే బొమ్మ.
దాని కిందే ఖాళీ బిందెలు.
ఐదో బ్యాచ్ అబ్బాయి మోరీ మూత తెప్పిస్తానని
వెనక తలుపు మీద బొగ్గుతో ఫోన్ నెంబరు రాసిచ్చాడు.
తొమ్మిదే అంకెలు.

ఆ రాత్రి హాస్టల్లో నాలుగు పేజీల రిపోర్టు రాశాను.
వహీదా మేడం మార్జిన్లో పెన్సిల్‌తో
ఒక్క మాట రాసి తిరిగిచ్చింది:
"ఆమె ఒక్కసారీ నవ్వలేదా?"
నవ్వింది మేడం.
నన్ను చూసే నవ్వింది.
అందుకే రాయలేదు.

ఆగస్టులో వాన దంచిన రాత్రి
మనవడు మోరీలో కాలేసి మడమ చీరుకున్నాడు.
ఐదు కుట్లు.
ఆ వారం నాకు పరీక్షలు, పోలేదు.
తర్వాతి బుధవారం వెళ్తే
ఎవరూ ఏమీ అనలేదు.
చాయ్ ఇచ్చారు.
అది తాగడమే కష్టమైంది.

వార్డు ఆఫీసుకు పోదామన్నాను.
దారంతా లోలోపల వాక్యాలు పేర్చుకున్నాను,
హక్కు, బాధ్యత, ఫలానా సెక్షను.
కౌంటర్ ముందు గొంతు సవరించుకున్నానో లేదో
మొగులమ్మ నా మోచెయ్యి నొక్కింది.
"నువ్ కాయితం పట్టుకో బిడ్డా."
పిలగాని కట్టుకాలు సారు టేబుల్ ఎత్తుకు లేపి పట్టి
ఆమే మాట్లాడింది.
నేను కాగితం పట్టుకున్నాను.
చెమటకు ఒక మూల మెత్తబడింది.

"బేస్తవారం రండ్రి" అన్నాడు సారు.
బేస్తవారం నాకు క్లాసులు.
పోయాము.
ఇంకో బేస్తవారం కూడా పోయాము.
మూడోసారికి సారు లీవు.
నాలుగోసారి కొలతలు రాసుకున్నాడు,
మూడడుగులకు రెండు.
ఆ అంకెలు నా ఫారంలో ఎక్కిద్దామంటే
వాటికి గడి లేదు.

మార్చి.
వీడ్కోలు ఎలా చెప్పాలో మాకొక పాఠం ఉంది,
చదువుకునే వెళ్లాను.
మూత రాలేదు.
మోరీ మీద ఎవరో పాత తలుపు పరిచారు.
వంగి చూస్తే మొగులమ్మ వెనక తలుపే,
బొగ్గు అంకెలు తొమ్మిదీ పైకే ఉన్నాయి.
వాటి మీదుగా పిల్లలు బడికి పోతున్నారు.

"ఎనిమిదో బ్యాచొస్తది గదా" అంది గింజ తీస్తూనే,
"ఇంట్ల ఎందరని మల్ల అడగొద్దని చెప్పు.
బేస్తవారం కాడికెల్లి షురూ జెయ్యమను."

ఫీల్డు డైరీ చివరి పేజీలో
'నేర్చిన నైపుణ్యాలు' అని అచ్చేసిన చోట
ఆఫీసు గది నెంబరు, సారు పేరు,
మూడడుగులకు రెండు,
మనవడి కుట్లు విప్పిన తేదీ రాశాను.
ఇంకా జాగా మిగిలింది.