సూదితో గీసిన వాన

ఆ రోజు యొకొహామాలో చినుకు పడలేదు.
మిట్టమధ్యాహ్నం. స్టూడియో అద్దాల కప్పు కింద
నా నుదురు పెనంలా కాలుతోంది.
గొడుగు పట్టుకుని ముందుకు వంగమన్నాడు దొర.
వంగాను.
కిమోనో అంచులో ఇనప తీగ దూర్చి
గాలికి ఎగిరినట్టు మెలిపెట్టాడు సైకిచి.
గొడుగు కొనని నల్లదారంతో గోడమేకుకి కట్టాడు.
అలా తుఫానులో చిక్కుకున్నాను,
ముక్కు మీద ఈగ వాలినా కదలకుండా.

వాన తర్వాతొచ్చింది.
గాజు పలక మీద సూదితో ఏటవాలుగా
ఒక్కో చినుకే గీసుకుంటూ పోయాడు సైకిచి.
ఆ చప్పుడుకి నా పళ్ళు జివ్వుమన్నాయి.

అంతకు ముందు,
"విచారంగా చూడమంటున్నాడు" అన్నాడు దుబాసీ.
దేనికి విచారం, అన్నాను.
వెళ్ళి దొరని అడిగి వచ్చాడు.
"దేనికీ కాదట. మీ ఆడవాళ్ళకి ఉంటుందే, అది."
నాకు బియ్యం కొట్టు బాకీ గుర్తొచ్చింది.
దొర సంతోషించాడు.

నా పేరు నుయి.
పటం కింద వాళ్ళ అక్షరాల్లో మరేదో రాశారు.
దుబాసీ చదివి, గొంతు సవరించుకుని,
"ఏదో పువ్వు పేరేలే" అన్నాడు.

ఇది నెలకి రెండు మధ్యాహ్నాల బతుకు.
మిగతా తెల్లవారుజాములన్నీ టీ గోదాంలోనే.
మూడు వందల ఇనప మూకుళ్ళు, మూడు వందలమంది ఆడవాళ్ళం.
కింద బొగ్గులు, పైన మేం.
నడుము విరిగేట్టు వంగి ఆకుని చేత్తోనే తిప్పాలి.
వీపున కట్టుకున్న పసివాళ్ళు
మా చెమటకి తడిసి నిద్రపోతుంటారు.
చివర్లో చిటికెడు నీలిరంగు, పిడికెడు సుద్దపొడి.
అమెరికా వాళ్ళకి ఆకు ఇంకా పచ్చగా ఉండాలట.
ఆకుకి పుట్టుకతో వచ్చిన పచ్చ చాలదట.

ఆ నీలం ఆకుని ఎంత పట్టుకుందో గానీ
నా గోళ్ళని వదల్లేదు.
బియ్యం కడిగిన నీళ్ళు, బూడిద, ఇసక, అన్నీ అయ్యాయి.
నన్ను చూసుకోడానికొచ్చిన పడవవాడు
నా చేతులు చూసి, పోసిన టీ తాగకుండా లేచెళ్ళాడు.
నేనేం ఏడవలేదు.
వాడి మొహమూ అంతంత మాత్రమే.

పటాల్లో మాత్రం నా గోళ్ళు తెల్లగా ఉంటాయి.
ఆ పెట్టెకి నీలం కనబడదట, సైకిచి చెప్పాడు.
అందుకే పటాల్లో ఆకాశం కూడా
తెల్లబోయి ఉంటుంది.
కాలిన మచ్చలు మాత్రం నల్లగా పడతాయి.
వాటి సంగతి షిగె చూసుకుంటుంది.
పక్కగదిలో కిటికీ దగ్గర కూర్చుని
మూడు వెంట్రుకల కుంచెతో పెదాలకి ఎరుపు,
గొడుగుకి పలచటి వంకాయ రంగు, నా మణికట్టుకి తెలుపు.
"నీ చేతులకే ఒక బుడ్డి ఖాళీ అవుతోంది,
నా జీతంలో కోస్తాడే" అంటుంది.

ఓ సాయంత్రం దీపం పెట్టేవేళ అడిగాను.
ఒక్క బొటనవేలికి. ఒక్క పటంలో.
షిగె ఏమీ అనలేదు.
వేరే పటంలో సముద్రం కోసం కలిపిన రంగు
పింగాణీ గిన్నెలో ఇంకా తడిగానే ఉంది.
కుంచె కొన ముంచింది.
ఊపిరి బిగబట్టింది.

ఆ పటం ఓడెక్కింది.
ఆకు పెట్టెలూ అదే ఓడలో వెళ్ళాయేమో, తెలీదు.
ఎక్కడో ఒకావిడ వేడి కప్పు పక్కన పెట్టుకుని
లక్క అట్ట తెరుస్తుంది.
ఎంత సుకుమారమో, అంటుంది పక్కావిడతో,
గాలికే వంగిపోతున్నారు పాపం.
గాలి కాదమ్మా, తీగ.

ఒక గుక్క తాగుతుంది.
బొటనవేలి దగ్గర ఆగుతుంది.
రంగు ఒలికిందనుకుని
చేతిరుమాలు కొన నాలికతో తడిపి
మెల్లగా రుద్దడం మొదలుపెడుతుంది.

రుద్దనీ.
నేను ఇసకతో రుద్దాను.