మూడో బల్ల

జూన్ నెల. గుడిపాల రోడ్డు పక్కన
రెండు రోజులుగా ట్రాక్టర్లు కదల్లేదు,
తార్పాలిన్ల కింద తోతాపురి ఉడుకుతోంది.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి నేను కొత్త సూపర్‌వైజర్ని,
మెడలో స్టాప్‌వాచీ, జేబులో నాలుగు రంగుల పెన్ను.

ఎనిమిది బల్లలు. బల్లకి ఐదుగురు ఆడవాళ్ళు,
నడుమ ఒక క్రేటు.
ముచ్చిక కొయ్యాలి, తొక్క తియ్యాలి,
మచ్చ ఉంటే చెక్కేసి బెల్టు మీదికి విసరాలి.
వారం రోజులు వాళ్ళ వెనక నిలబడి
ఒక్కో చేతినీ విడివిడిగా లెక్కపెట్టాను.
ఖైరూన్: నిమిషానికి పద్నాలుగు. పచ్చ సిరా.
రెడ్డెమ్మ: పదమూడు. పచ్చ.
ధనభాగ్యం: ఆరు. ఎర్ర సిరా, కింద రెండు గీతలు.

ఎనిమిది బల్లల్లోంచి ఐదు పచ్చ పేర్లు ఏరి
మూడో బల్ల దగ్గరికి చేర్చాను.
"ఐదూ బొటనవేళ్ళయితే ముద్ద ఎట్ల కలుపుతాము సార్?"
టీ తెచ్చిన పాపులమ్మ అడిగింది.
నవ్వేసి టీ తాగాను.

మొదటి రోజు మూడో బల్లది ఏడో స్థానం.
రెండో రోజు ఎనిమిది.
ఒకే పండు మీద రెండు చేతులు పడేవి,
మరుసటి పండుకి ఇద్దరూ మొహమాటపడితే
అది దొర్లి నేల మీద చితికేది.
ఖైరూన్‌ది ఎడమచేతి వాటమని
నా పుస్తకంలో లేదు.
ఆమె మోచెయ్యి పండు పండుకీ
రెడ్డెమ్మ డొక్కలో పొడిచేది.
తొక్కల బకెట్టు నిండి
ఎవరిదీ కాక పొంగిపోయేది.
ఐదుగురూ మునుపటికన్నా గట్టిగానే చేశారు.
చూశాను. ఆ చెమట అబద్ధం కాదు.

మూడో రాత్రి పదింటికి కరెంటు పోయింది.
జనరేటరు అందుకునే దాకా నలభై సెకన్లు,
అలవాటుగా వాచీ నొక్కాను.
ఖైరూన్ వదిలి వచ్చిన ఆరో బల్ల నుంచి
కత్తులు రేకు మీద ఆనిన చప్పుడు:
టక్ టక్ టక్ టక్,
కొంచెం ఆగి, ఇంకో టక్.
ఆ ఆఖరిది ధనభాగ్యానిది.
నాలుగూ దిగినట్టు వినబడితేనే తనది దించుతుందట,
చేరి మూడు రోజులైన పిల్లకి కూడా అప్పుడే నేర్పేశారు.
మూడో బల్ల నుంచి మాత్రం
"ఎవురిది మే ఈ కత్తి?"
"కదలొద్దు! కదలొద్దంటే!"
"అబ్బా!"
లైటు వచ్చేసరికి
పసుపు గుజ్జులో రెడ్డెమ్మ బొటనవేలు, ఎర్రగా.

మరుసటి రోజు వాచీ డ్రాయర్లో పడేసి
ఆరో బల్ల దగ్గర ఊరికే నిలబడ్డాను.
ధనభాగ్యం ఒక పండు కోస్తుంది,
ఇంకో రెండు పళ్ళని ముచ్చిక ఎటుండాలో అటు తిప్పుతుంది.
క్రేటు అడుగంటక ముందే
కాలితో ఇంకోటి జరుపుతుంది, తల ఎత్తదు.
పక్క పిల్ల దగ్గితే
ఆ పిల్ల వంతు పండు తన వైపుకి దొర్లించుకుంటుంది.
ఇవేవీ పళ్ళు కావు, అందుకని లెక్కలోకి రాలేదు.
ఖైరూన్ పేరిట నేను రాసుకున్న పద్నాలుగులో
నాలుగో ఐదో
ఎర్ర సిరా మనిషివి.

సాయంత్రం మూడో బల్లతో చెప్పాను:
రేపట్నుంచి ఎవరి పాత చోటుకి వాళ్ళు.
సంతోషిస్తారనుకున్నాను.
రెడ్డెమ్మ కట్టు కట్టిన వేలు చూసుకుంటా అంది:
"ఈమె ఎడం చెయ్యి ఇప్పుడిప్పుడే నా ఒంటికి
తెలస్తా ఉండాది సార్.
అముద దగ్గరికొస్తే ఏం అడగబోతాదో కూడా కొంచెం తెలస్తా ఉండాది.
మళ్ళీ పీకేస్తారా? నారా మేమేమన్నా?"

పుస్తకం మూసేశాను.
పెన్నులో నాలుగు రంగులున్నాయి,
దీనికి ఏది వాడాలో తెలీలేదు.

ఆ రాత్రి రెడ్డెమ్మ వచ్చీ రాగానే
ఖైరూన్‌కి కుడి పక్కకి మారి నిలబడింది.
ఎవరూ చెప్పలేదు.
ఖైరూన్ చూడనైనా చూడలేదు,
మోచెయ్యి మాత్రం హాయిగా బారజాపింది.
అర్ధరాత్రి దాటాక అముద
వెనక్కి తిరక్కుండానే మడమతో
ఖాళీ బకెట్టు ముందుకి తోసింది.

ఆ రోజు మూడో బల్లది ఆరో స్థానం.
తొక్కలు పొంగలేదు.