పాయింట్ ఫైవ్

ముందుగాల కొంగు కొసతోటి లెన్సు తుడుస్త.
నెత్తి నూనె, పొద్దున పిసికిన పిండి
అన్నీ దానిమీదనే ఉంటయి.
తుడవకుంటే మల్లాపూర్‌ల ఇల్లు
మంచుల ఊటీ లెక్క పడ్తది.
మొదట్ల గట్లనే పెట్టేదాన్ని.
ఊటీ అనుకొని వచ్చేటోళ్లు, తిట్టుకుంట పోయేటోళ్లు.

పెద్ద కంపెనీలకు డ్రోన్లుంటయి,
గొడుగు లైట్లు, టై కట్టిన పిలగాండ్లు.
నా తాన ఉన్నది
ఇంకా ఐదు కిస్తీలు బాకీ ఉన్న ఫోను.
పాయింట్ ఫైవ్ మీద ఒత్తితే
పదికి పది అర్ర ఫంక్షన్ హాలైతది.
గోడలు మాత్రం జర పక్కకు ఒరుగుతయి,
పెండ్లి గ్రూప్ ఫొటోల
అంచున నిలబడ్డ మేనమామల తీరు.

లైట్లన్నీ వెయ్యాలె. కమోడ్ మూత ముయ్యాలె.
కిటికీ తెరిస్తే చెయ్యికందే పక్కింటి గోడ,
అందుకే పర్దా ముప్పావు గుంజాలె
వెనుకాల ఎండ ఆగి ఉన్నదన్నట్టు.
బాల్కనీల ట్రాన్స్‌ఫార్మర్ రాకుండ
మోకాళ్లమీద కూసుంట.
ఉత్త ఆకాశం వస్తది.
దానికి రిజిస్ట్రేషన్ లేదు గాని
అడుగుకు రెండొందలు పెంచుతది.

బాత్రూం అద్దంతోటే పంచాయితీ.
ఎట్ల నిలబడ్డా నేనొస్త.
మోచెయ్యి, సగం చెవి, రెండు గాజులు.
మూడొందల ఇండ్లల్ల
కిరాయి కట్టకుంట ఉంటున్న.
ఎవలో ఒకాయన ఫోన్ చేసిండు,
"అండాళమ్మా, ఆ పచ్చ గాజులు ఇంటితోటే వస్తయా?"
నవ్విన.
ఆ ఇల్లు ఇప్పటికీ పోలే.

ఒకపారి హబ్సిగూడల లిజీ అని కేరళ నర్సు.
రాత్రి డ్యూటీ దిగి పండుకున్నది.
తలుపు తీసి, "మంచం కూడ కావాల్నా?" అన్నది.
బెడ్రూం గద, అన్న.
దుప్పటి నున్నగ పరిచి
వంటింట్లకు పోయి
గట్టుకు ఆనుకొని నిలబడే నిద్రపోయింది.
వంటిల్లు తియ్యలే నేను.
కిచెన్ ఫొటో త్వరలో, అని రాసిన.

మొన్న ఐతారం
మా ఓనరు చెప్పకుంటనే ఒక పిలగాన్ని పంపిండు.
యాకూబ్. ఇరవై రెండు దాటవు.
మేముండే ఇల్లు అమ్మకానికట.
హాలు నడుమ నిలబడి
చెయ్యెత్తి తీస్తుండు, ఆకు కోస్తున్నట్టు.
జరసేపు చూసిన. పాణం పట్టలే.
"గట్ల కాదు బిడ్డా. ఆ మూలకు పో.
వీపు ఫ్రిజ్జుకు ఆనాలె. ఫోను ఛాతి కాడికి దించు.
ఆడికెళ్లి ఐతె చెమ్మ రాదు."
నాలుగు వానకాలాల సంది
క్యాలెండర్ కింద దాస్తున్న చెమ్మ అది.
దండెం మీది బట్టలు నేనే గుంజిన.
నా చెప్పులు నేనే మంచం కిందికి తన్నిన.
లెన్సు తుడువుమని కొంగిచ్చిన.
"అక్కా, అద్దంల నేను పడ్తున్న."
"పడనీ. అలవాటైతది."
ఇగ చాయ్ పెడ్త అని వంటింట్లకు పోయిన.
పాలు పొంగినంకా
చానా సేపు బయటికి రాలే.

రాత్రి ఫోన్ల చూసిన మా ఇల్లు.
ఎంత పెద్దగున్నది!
గింత జాగల
ఒకలకొకలం తగులుతున్నమని
ఎందుకు కొట్లాడుకున్నమో ఇన్నేండ్లు.
కింద నంబరున్నది. కొట్టిన.
"యాకూబ్, అన్ని అర్రలు పెట్టినవు,
వంటిల్లు ఏదిరా?"
అవతల జరసేపు ఫ్యాను సప్పుడు.
"ఆడ మీరు నిలబడి ఉంటిరి గదక్కా."